సీరియల్లో అన్న చేసిన త్యాగం నాకు నచ్చలేదు

రోజూ ఏడున్నరకి మా ఇంట్లో టీవీ మోగాల్సిందే. ఆ సీరియల్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్ద మేడ, వాకిట్లో కార్లు, వంటింట్లో కూడా పట్టుచీరలే. ఒకరోజు వాళ్ల పూజగదిలో అమ్మవారి నగలు పోయాయి. తమ్ముడే తీసి ఉంటాడని అన్నకి అనుమానం. తమ్ముణ్ణి పిలిచి అడగొచ్చు కదా? అడగడు. హాల్లోకి వచ్చి అందరి ముందూ తల వంచుకుని, "నేనే తీశాను" అంటాడు. వెనక వీణ వాయిస్తారు. తల్లి స్తంభం పట్టుకుని ఏడుస్తుంది. ఆ అన్న మొహం మూడుసార్లు చూపిస్తారు, ఒకసారి మామూలుగా, ఒకసారి ఎర్రగా, ఒకసారి నలుపూ తెలుపూగా. చెప్పులు కూడా లేకుండా వానలో ఇల్లు వదిలి పోతాడు. మా వీధి ఆడవాళ్లందరూ కొంగులు తడుపుకున్నారు. నేనూ తడుపుకున్నాను, అబద్ధం ఎందుకు?

ఆ ఏడుపు చూసి నాకు కోపం రావడానికి ఇంకో వారం పట్టింది. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే నా పెద్దకొడుకు మా పొలం గట్టు మీద నిలబడి అదే పని చేశాడు. చిన్నకొడుకు ఇల్లు వదిలిపోయాడు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చిన్నకోడలు రాస్తోంది. ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆ మాట రాగానే కలం ఆపి నా మొహంలోకి చూసింది.

"అది కూడా రాయమంటారా అత్తయ్యా?"

"అదే ముందు రాయవే" అన్నాను.

మాది దివిసీమ, హంసలదీవికి వెళ్లే దారిలో ఊరు. మా పొలానికి ఒక పక్క మంచినీళ్ల కాలవ, ఇంకో పక్క మురుగు కాలవ. ఆ మురుగు కాలవ వెళ్లి సముద్రంలో కలుస్తుంది. పున్నానికీ అమావాస్యకీ సముద్రం పోటెక్కితే ఉప్పునీళ్లు ఆ కాలవలోంచే వెనక్కి ఎగదన్నుకుని వస్తాయి. అప్పుడు గట్టులో ఉన్న తూముకి చెక్కపలక దించి, సందుల్లో గోనెపట్టా కుక్కి, దాని మీద బంకమట్టి మెత్తాలి. పోటు తగ్గాక పలక తీసి పొలంలో నీళ్లు బయటికి వదలాలి. ఈ పనికి మా ఆయన ఉన్నప్పుడే కొడుకులిద్దరికీ వంతులు పెట్టారు. పున్నమి పోటు చిన్నవాడిది, అమావాస్య పోటు పెద్దవాడిది. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ వంతు మారలేదు. ఏ పోటు ఎవరి వంతో ఊరందరికీ తెలుసు. ఈ సంగతి గుర్తుంచుకోండి, అసలు మంట అంతా ఇక్కడే ఉంది.

ఆషాఢ పున్నమి వచ్చేసరికి మా నారుమడి జానెడు ఎదిగి పచ్చగా ఉంది. ముందురోజు పొద్దు వాలే వేళ చిన్నవాడు వెళ్లి పలక దించి వచ్చాడు. మర్నాడు తెల్లారి పెద్దవాడు వెళ్లి చూస్తే నారుమడి నిండా ఉప్పునీళ్లు. మా మడి పక్కనే మడి ఉన్న రైతు కూడా పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరికీ అదే తూము. ఆ రైతు నాకు వరసకి కొడుకవుతాడు, పిన్నీ అని పిలుస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ నోటికి తలుపు లేదు. ఇద్దరూ కలిసి పలక లాగేసి ఉప్పునీళ్లు బయటికి వదిలారు. అయినా ఏం లాభం? మూడో రోజుకి నారు కొసలు ఎండాయి, అయిదో రోజుకి చాపలాగా పడిపోయింది.

ఆ పొద్దున్నే గట్టు మీద పదిమంది చేరారు. పక్క రైతు గొంతు చించుకున్నాడు.

"పలక ఒక్క లాగుకి ఊడొచ్చిందయ్యా! మట్టి మెత్తితే అట్టా వస్తదా? ఎవడు మూశాడో చెప్పండి, వాడి మొహాన మెత్తుతా!"

నా పెద్దకొడుకు తల వంచుకుని, "నేనే మూశాను. మట్టి మెత్తడం మర్చిపోయాను. నాదే తప్పు" అన్నాడు.

పదిమందీ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పున్నమి వంతు ఎవరిదో వాళ్లకి తెలియదా? పక్క రైతు గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నువ్వు దేవుడివిరా. తమ్ముడి కోసం ఎంతకైనా నిలబడతావు" అని భుజం తట్టాడు. చిన్నవాడు అక్కడే ఉన్నాడు. నోరు తెరవలేదు. పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను మురిసిపోయాను. టీవీలో తల్లి ఏడ్చినట్టే ఏడ్చాను. నా కడుపున ఇలాంటి కొడుకు పుట్టాడని ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేసి చెప్పుకున్నాను కూడా. సాయంత్రం చిన్నకోడలు నా దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, ఆయన మట్టి మెత్తారు. తట్టతో మట్టి అందించింది నేనే. నా కళ్లతో చూశాను."

"ఊరుకోవే. మొగుణ్ణి వెనకేసుకు రావడం నీకు కొత్తా?" అన్నాను.

నేను అంత మాట ఎందుకన్నానో ఆ తర్వాత బాగా ఆలోచించాను. సీరియల్లో చిన్నకోడలు ఎప్పుడూ కుట్ర చేస్తూనే ఉంటుంది కదా, నగలు పోయినా, పాలు విరిగినా ఆవిడ పనే. చూసీ చూసీ నా బుర్ర కూడా అలాగే తయారైంది. ఇది రాస్తూ ఆ పిల్ల నవ్వుతోంది. నవ్వనీ, ఆ హక్కు దానికుంది.

నారు పోయిన అయిదో రోజున చిన్నవాడు బట్టలు సర్దుకున్నాడు. గుడివాడలో ఒక రైసు మిల్లులో ట్రాక్టరు తోలే పని ఉందట. "వ్యవసాయం అన్నయ్యని చేసుకోమను. నాకు ఒళ్లు తెలియదుగా, మర్చిపోతుంటాను" అని గుమ్మం దిగాడు. పెళ్లాన్ని కూడా ఇల్లు చూసి పిలుస్తానన్నాడు. పెద్దవాడు వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఆపలేదు. కళ్లు తుడుచుకున్నాడు, అంతే.

ఇద్దరూ కలిసి చేస్తేనే ఆ పొలం. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పొలం సంగతి అలా ఉంచండి. మా ఆయన పోయినప్పటి నుంచి నేను దిగులు లేకుండా పడుకున్నానంటే, వాళ్లిద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని పోట్లాడుకుంటూ తింటారనే ధైర్యంతోనే. అది పోతోంది.

పెద్దవాడు మొవ్వలో మా తమ్ముడి దగ్గర విత్తనాలు తెచ్చి, మడి కడిగి, మళ్లీ నారు పోశాడు. మళ్లీ అమావాస్య వస్తోంది. ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు, టీవీ ఒక్కటే మాట్లాడుతోంది. ఆ సాయంత్రం సీరియల్లో అన్న ఏదో గుడి మెట్ల మీద జ్వరంతో పడి ఉన్నాడు. తమ్ముడు కారులో అటే వెళ్తూ ఆగాడు. ఇద్దరూ చూసుకున్నారు. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నారు. చూసుకుంటూనే ఉన్నారు. ప్రకటనలు వచ్చాయి, పోయాయి, ఇంకా చూసుకుంటూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అడగవేం రా! నగలు నువ్వు తీశావా లేదా అని అడగడానికి నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని అరిచాను.

వంటింట్లోంచి చిన్నకోడలు గొంతు వచ్చింది. "అడగాల్సింది ఆ టీవీలో వాణ్ణి కాదేమో అత్తయ్యా."

టీవీ కట్టేశాను. అరుగు మీదికి వెళ్లి పెద్దవాడి ఎదురుగా కూర్చున్నాను.

"ఒరేయ్ పెద్దోడా, పున్నానికి పలక మూసింది నువ్వు కాదు. మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"పోనీలేమ్మా ఇప్పుడెందుకు?"

"చెప్పరా."

"తమ్ముడు మట్టి మెత్తడం మర్చిపోయుంటాడమ్మా. పలక ఒక్క లాగుకి వచ్చింది. పదిమందిలో వాడి పరువు పోతుందని..."

"వాణ్ణి అడిగావా?"

"అడిగితే బాధపడడా?"

"అడక్కుండానే మర్చిపోయాడని తేల్చేశావుగా! వంతు ఎవరిదో ఊరందరికీ తెలుసు. నువ్వు 'నేనే' అన్నావంటే, 'నా తమ్ముడే' అని చాటింపు వేసినట్టు కాదా? నువ్వు వాణ్ణి తిట్టుంటే వాడు లేదని అరిచేవాడు. నువ్వు దేవుడివైపోయావు. దేవుడి మీద ఎవడు అరుస్తాడు?"

వాడు గోడకేసి చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. "నాకు అలా తట్టలేదమ్మా" అన్నాడు. నాకు తట్టిందా ఏమిటి, వారం రోజుల పాటు నేనూ ఊరంతా చెప్పుకుని తిరిగినదాన్నే.

అమావాస్య ముందురోజు పొద్దున్నే బస్సెక్కాను. బందరులో మారి గుడివాడ బస్సు పట్టుకున్నాను. సీట్లో కూర్చున్నానో లేదో ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఆ సీరియల్ కబుర్లే.

"అన్నంటే అలా ఉండాలండీ. ఎంత త్యాగం!"

"మా ఆయనకీ ఉన్నాడు అన్న, ఎందుకూ?"

నేను ఊరుకోగలనా? "ఏం త్యాగమండీ? వాడు తమ్ముణ్ణి దొంగ అనుకున్నాడు కాబట్టే కదా ఆ త్యాగం? నా తమ్ముడు దొంగ కాడు, ఇల్లంతా వెతకండి అన్నవాడు కదా అన్న?" అన్నాను.

ఒకావిడ వెనక్కి తిరిగింది. "అంటే ఏంటండీ, తమ్ముణ్ణి పోలీసులకి పట్టివ్వాలా?"

"పట్టివ్వమనలేదమ్మా, అడగమన్నాను. అడిగితే ఒక్క రోజులో అయిపోతుంది."

"ఒక్క రోజులో అయిపోతే మాకు సీరియల్ ఎక్కడిదండీ!" అని రెండో ఆవిడ పకపకా నవ్వింది. వెనక సీటు ముసలాయన నా వైపు మాట్లాడాడు, తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల ఆవిడ వైపు మాట్లాడింది. బస్సు బస్సంతా రెండు పక్షాలైపోయింది. కండక్టరు వచ్చి, "ముందు ఆధార్ కార్డు చూపించండమ్మా, ఫ్రీ టికెట్టు కొట్టాలి, తర్వాత కొట్లాడుకుందురు గాని" అన్నాడు. గుడివాడలో దిగేటప్పుడు ఆ మొదటావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరన్నదీ నిజమేలెండి" అంది. ఆ ముక్కతో నాకు ఎంత బలం వచ్చిందో.

మిల్లులో నా కొడుకు ఒళ్లంతా తవుడు దుమ్ము. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి బెదిరిపోయాడు.

"ఏంటమ్మా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు మట్టి మెత్తావా లేదా?"

వాడు నా మొహంలోకి చూశాడు. "ఇన్నాళ్లకి అడిగావామ్మా?" అన్నాడు. తర్వాత ఆగలేదు. "మెత్తాను. రెండు పొరలు మెత్తాను. అన్నయ్య నా పరువు కాపాడాడని ఊళ్లో అంటున్నారు. ఏం కాపాడాడు? ఆయన 'నేనే' అనగానే అందరూ నా వైపు చూశారు. నేను కాదంటే, అంత మంచి అన్న మీద ఎదురు తిరిగాడంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. నన్ను ఎటూ కదలకుండా కట్టేశాడమ్మా. చెంప మీద కొట్టున్నా ఇంత బాధ ఉండేది కాదు."

"రేపు అమావాస్య. వచ్చి చూడు."

"అమావాస్య వంతు ఆయనది. నాకేం పని?"

"అందుకే రమ్మంటున్నాను. వాడు మూస్తాడు, నువ్వు నిలబడి చూడు. మట్టి మెత్తినా నీళ్లొస్తే నువ్వు గెలిచావు. రాకపోతే మళ్లీ ఇదే బస్సెక్కు, నేను ఆపను."

అలా పందెం వేశాను. నీళ్లు రాకపోతే? మళ్లీ పోసిన నారు బతుకుతుంది, నా కొడుకు మాత్రం పోతాడు. ఒక తల్లి తన పొలంలోకి ఉప్పునీళ్లు రావాలని కోరుకోవడం ఎక్కడైనా ఉందా? నేను కోరుకున్నాను.

అమావాస్య నాడు తెల్లవారగానే అందరం గట్టు మీద ఉన్నాం. పక్క రైతుని నేనే పిలిపించాను. పెద్దవాడు తూములోకి దిగి పలక దించాడు, గోనెపట్టా కుక్కాడు, మట్టి మెత్తాడు. నేను మళ్లీ మెత్తమన్నాను, మెత్తాడు. చిన్నవాడు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా నాలుగు బారల గట్టు.

పక్క రైతు నవ్వాడు. "ఏంది పిన్నీ, తూముకి పెళ్లి చేస్తన్నావా ఇంతమందిని పిలిచావు?"

"నోర్మూసుకుని చూడు. పెళ్లిభోజనం తర్వాత పెడతా" అన్నాను.

ఎండ పొడిచేసరికి కాలవలో నీళ్లు లేవడం మొదలైంది. అంగుళం అంగుళం ఎక్కాయి. పలక దగ్గర చుక్క కారలేదు. పక్క రైతు నా వైపు చూసి తల ఊపాడు. పెద్దవాడు బిక్కమొహం వేశాడు. చిన్నవాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు, వెళ్లిపోయేవాడిలాగా.

అయినా నేను ఊరుకోలేదు. చీర ఎగ్గట్టి నారుమడిలోకి దిగాను. గట్టు వెంబడే పాదంతో తడుముకుంటూ నడిచాను. తూముకి ఆరేడు అడుగులు దాటాక, తుంగ దుబ్బుల కింద, నా మడమకి నీళ్ల తోపు తగిలింది. చెయ్యి పెట్టి రుచి చూశాను. ఉప్పు! దుబ్బు పట్టి పీకాను. గట్టులో నా పిడికిలంత బొక్క. ఎండ్రకాయలు తవ్విన బొక్క అది, గట్టుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి వెళ్లిపోయింది. కాలవలో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు తెలియదు. పోటు ఆ ఎత్తుకి వస్తేనే అందులోంచి దూకుతుంది. నేను చూస్తుండగానే మట్టి కరిగి బుంగ పడింది, నీళ్లు బుసకొట్టుకుంటూ వచ్చాయి. ఒక ఎర్ర ఎండ్రకాయ పక్కవాటుగా పాకుతూ బయటికొచ్చింది.

"అదిగోరా దొంగ!" అని అరిచాను. "అమ్మవారి నగలు తీసింది అదిగో!"

ఎవరికీ నా మాట అర్థం కాలేదు, ఒక్క చిన్నకోడలికి తప్ప. నేను నా కాలు మోకాలి దాకా ఆ బొక్కలో దూర్చి నిలబడ్డాను. చల్లటి నీళ్లు కాలు చుట్టూ తోస్తున్నాయి. కొడుకులిద్దరూ ఒక్కసారే దూకారు. ఒకడు గోనెసంచి తెచ్చాడు, ఒకడు మట్టి తవ్వాడు, పక్క రైతు తన తలపాగా కూడా తీసి బొక్కలో కుక్కాడు. "కాలు తియ్యమ్మా" అని ఒకడు, "ఇప్పుడే తియ్యొద్దు" అని ఇంకొకడు. చిన్నకోడలు తట్టలతో మట్టి మోసింది. అలా అందరం కలిసి ఆ బుంగ పూడ్చాం. మడిలోకి వచ్చిన ఉప్పునీళ్లు మూల వరకే ఆగాయి. నారు దక్కింది.

పోటు తగ్గాక పెద్దవాడు తూము పలక లాగాడు. ఒక్క లాగుకి ఊడొచ్చింది. రెండు పూతల మట్టి, మేమందరం చూస్తుండగా మెత్తిన మట్టి, నీళ్లకి నాని పాయసంలాగా అయిపోయింది. వాడు ఆ పలక పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తమ్ముడి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు మట్టి మెత్తలేదనే అనుకున్నానురా" అన్నాడు. "నీకు నిర్లక్ష్యం అనుకున్నా. ఆ మాట నీ మొహాన అనలేక గొప్పకి పోయా."

"ఆ రోజే అనుంటే నిన్ను నాలుగు తిట్టి, గట్టంతా వెతికి చూపించేవాణ్ణి కదా!"

"ఇప్పుడు తిట్టరా."

చిన్నవాడు తిట్టాడు. ఆ తిట్లు చిన్నకోడలు రాయనంటోంది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. పెద్దవాడు కూడా ఊరుకోలేదు, "మరి నువ్వు నోరెత్తకుండా బస్సెక్కడం గొప్పా?" అని వాడూ అందుకున్నాడు. నేను మధ్యలోకి వెళ్లలేదు. కాలవలో కాళ్లు కడుక్కుంటూ ఆ అరుపులు విన్నాను. చెప్పొద్దూ, ఆ రోజంత హాయి నాకు ఈ ఆరేళ్లలో లేదు.

పక్క రైతు బురద తలపాగా పిండుకుంటూ దగ్గరికొచ్చాడు. "పిన్నీ, ఊళ్లో నేనే ఎక్కువ వాగానేమో."

"వాగినంత మేరా తిరిగి, మళ్లీ వాగిరా. నా పెద్దకొడుకు మర్చిపోలేదు, నా చిన్నకొడుకూ మర్చిపోలేదు. టీ కొట్టు దగ్గర మొదలుపెట్టు" అన్నాను. మొదలుపెట్టాడు కూడా. మధ్యాహ్నానికల్లా ఎండ్రకాయ సంగతి ఊరంతా తెలిసింది.

చిన్నవాడు గట్టు మీదే నిలబడి మిల్లుకి ఫోన్ చేశాడు. "రాలేనండీ. నాట్లు ఉన్నాయి" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంకా బొక్కలున్నాయేమోనని దుబ్బులు పీకుతున్న పెద్దవాడి దగ్గరికి వెళ్లాడు.

"నీకు చూడటం చేతకాదు అన్నయ్యా, పార ఇటివ్వు" అన్నాడు.

"ఇవ్వను, అవతలి పక్క చూడు" అన్నాడు పెద్దవాడు.